మరియమ్మకు పెట్టిన నీలం చీర

చీరల దుకాణంలో పుట్టి పెరిగినవాళ్లకు మనిషి మెట్లెక్కుతుండగానే ఏ పని మీద వచ్చిందో తెలిసిపోతుంది. పెళ్లికి కొనేవాళ్లు గుంపుగా వస్తారు, కూర్చోకముందే మంచినీళ్లు అడుగుతారు. పండుగకు కొనేవాళ్లు ముందుగా అద్దాల వెనక నిలబెట్టిన బొమ్మను చూస్తారు. మూడో రకంవాళ్లు చెప్పులు విడవాలా వద్దా అన్నట్టు గడప దగ్గరే ఆగిపోతారు. అలాంటివాళ్లు కనబడగానే మా నాన్న గల్లాపెట్టె దగ్గర లేచి నిలబడేవాడు. "మంచికేనా?" అని మెల్లగా అడిగేవాడు. ఆ మాటకు రెండో సగం, చెడుకా అన్నది, మా దుకాణంలో ఎవరూ పలకరు. వచ్చినవాళ్లు తల అడ్డంగా ఊపితే చాలు, పద్ధతి మొత్తం మారిపోయేది. ఆఖరి ధర మొదటే చెప్పాలి. మనం బేరం ఆడకూడదు, వాళ్లను ఆడనివ్వకూడదు. మడతకు పసుపుబొట్టు పెట్టకూడదు. దుకాణం పేరున్న సంచిలో వేయకుండా పాత పేపర్లో చుట్టి ఇవ్వాలి. వెళ్లేటప్పుడు "మళ్లీ రండి" అనకూడదు.

ఈ నియమాల్లో నాకు అన్నిటికంటే కష్టమైనది బేరం ఆడకపోవడం. నేను బేరం ఆడకుండా కొన్న వస్తువు పటాన్‌చెరులో లేదు. మందుల షాపులో అట్ట మీద అచ్చువేసిన ధరకు కూడా ఆడతాను. మా పెళ్లికి ముహూర్తం పెట్టిన అయ్యగారితో ఒక గంట ముందుకు జరపమని బేరం పెట్టిందని మా ఆయన ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతాడు. నిజమే. అరగంట జరిపించాను కూడా.

అలాంటిదాన్ని కనుక, ఎవరైనా నాతో బేరం ఆడకపోతే నాకు అనుమానం వస్తుంది. అమ్మ మంచాన పడ్డాక జరిగిన సంగతంతా ఆ అనుమానంతోనే నడిచింది. అమ్మను ఎవరో తమ దేవుడి వైపు తీసుకుపోతున్నారని నేను నెలల తరబడి కాపలా కాశాను. అమ్మ బెంగ మాత్రం వేరే. తను పోయిన రోజు ఒంటి మీద ఏ చీర ఉంటుందన్నదే ఆమె బెంగ.

మా ఇళ్లలో ఆడమనిషి పోతే ఆఖరి చీర తల్లిగారింటివాళ్లు తేవాలి. ముత్తైదువైతే ఎర్రదో పచ్చదో, జరీ అంచున్న పట్టుచీర. భర్త లేని ఆడదైతే తెల్లది, అంచు లేనిది. నాన్న పోయిన నాటి నుంచి అమ్మ బూడిద రంగు, బిస్కెట్ రంగు, ఉతికి ఉతికి ఏ రంగో తెలియని రంగు కట్టేది. అవి కట్టుకుని గద్దె మీద కూర్చుని ఎదుటివాళ్లకు నెమలికంఠం, మామిడిపండు, దానిమ్మ రంగులు విప్పి చూపేది. ఏటా ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీ అమ్మవారికి తన చేత్తో చీర పెట్టేది. నాన్న పోయాక అదీ మానేసింది. ఎవరూ మానమనలేదు. ఎవరూ అననంత మాత్రాన ఆడవాళ్లకు తెలియకుండా ఉంటుందా.

అమ్మకు కుడివైపు పక్షవాతం వచ్చింది. మాట తగ్గింది కానీ పోలేదు. ఎడమచెయ్యి బాగానే ఆడేది. మా ఇల్లు దుకాణం మీదే. పొద్దంతా నేను కింద, అమ్మ పైన. దగ్గర ఉండి చూసుకునే మనిషి కావాలని నలుగురికీ చెబితే లక్డారం నుంచి ఒకామె వచ్చింది. నా ఈడుదే. అంతకుముందు ఆస్పత్రిలో ఆయాగా చేసిందట. భర్త గడ్డపోతారంలో మందుల కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. అతను పక్కన నిలబడితే ఆ మందుల వాసన తెలుస్తుంది. ఆమె మెడలో నల్లపూసల పక్కన చిన్న వెండి శిలువ ఉంది. మేము ఆమెను ఆయమ్మ అన్నాం.

జీతం దగ్గర ఆయమ్మ నేను చెప్పినదానికే తల ఊపింది. అక్కడే నాకు అనుమానం మొదలైంది. సెలవు దగ్గర మాత్రం గట్టిగా నిలబడింది. ఆదివారం పొద్దున చర్చికి పోవాలి, దానికి తోడు ఆగస్టు పదిహేను రోజంతా కావాలి. జీతం దగ్గర మెత్తబడి సెలవు దగ్గర గట్టిపడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. జెండా పండుగకు నీకేం పని, నువ్వేమన్నా సర్కారు నౌకరివా అన్నాను.

"జెండా కోసం కాదక్కా. ఆ దినం మా మరియమ్మ పండుగ. దేవుడు ఆమెను పానంతోని, పెయ్యితోని పైకి తీస్కపోయిండు."

"అంటే సచ్చిపోయిన దినమా?"

"గట్ల అనం."

"మరి సావలేదా?"

"నిద్రపోయిందంటరు. మా అత్త ఒక తీరు చెప్పేది, మా ఫాదర్ ఇంకో తీరు చెప్తడు. నాకైతే పండుగ అనే ఎర్క."

ఒకే సరుకు గురించి ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఆ సరుకులో ఏదో లోపం ఉన్నట్టే అని నా చదువు. పైగా నాకు తెలిసినంతలో మనిషి చస్తాడు, లేకపోతే బతికుంటాడు. ఈ రెంటి మధ్యన పండుగ చేసుకునేంత జాగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. సెలవు మాత్రం ఇచ్చాను. సగం రోజుకు దింపుదామని చూశాను కానీ ఆమె దిగలేదు.

మొదటి నెలలోనే అమ్మ వీపు మీద పుండ్లు మానిపోయాయి. జుట్టు చిక్కు లేకుండా ఉంటోంది. మంచి పనిమనిషి దొరికితే సంతోషపడాలి కదా. నేను మాత్రం ఇంత బాగా చేస్తోందంటే దేనికి చేస్తోంది అనుకున్నాను. భోజనానికి పైకి వెళ్లేసరికి గదిలో మాటలు వినబడేవి. నా అడుగుల చప్పుడు కాగానే ఆగిపోయేవి. దుకాణం ముందు మెషిన్ వేసుకుని ఫాల్స్ కుట్టే ఆమెకు నా అనుమానం చెప్పాను. ఆమెది కూడా కిరస్తానీ కుటుంబమే, కానీ వేరే చర్చి. కుట్టు ఆపకుండానే విన్నది. ఆయమ్మ చర్చివాళ్లు బొమ్మల ముందు మొక్కుతారని, తాము మొక్కమని చెప్పింది. మరియమ్మ పైకి పోయిన ముచ్చట బైబిల్లో అసలే లేదని కూడా చెప్పింది. సాటి కిరస్తానీలే ఒప్పుకోని సరుకును మా అమ్మకు అంటగడుతున్నారన్నమాట. నాకు రెండింతలు కోపం వచ్చింది.

ఒక మధ్యాహ్నం చెప్పులు కిందనే విడిచి చప్పుడు కాకుండా మెట్లెక్కాను. సగంలో ఆగి విన్నాను. ఆయమ్మ అమ్మ కాళ్లకు నూనె రాస్తూ చెబుతోంది. మరియమ్మకు కాలం దగ్గరపడిందని తెలిసి యేసు శిష్యులు దేశదేశాల నుంచి వచ్చారట. అందరూ వచ్చారు గానీ తోమాసు అనే ఆయన అందుకోలేదు. అప్పటికే ఆమెను సమాధిలో పెట్టేశారు. ఆయన వచ్చి, నేను చూడలేదు కనుక నాకు చూపించాల్సిందే అని పట్టుబట్టాడు. మూత తీశారు. పెయ్యి లేదు, శరీరమే లేదు. పూలు ఉన్నాయి. అంతే.

"ఆయనకు ఎందుకు ఆలస్యమైంది?" అని అమ్మ అడిగింది. ఆ మాత్రం మాటకే ఆమెకు చాలాసేపు పట్టేది.

"మన దేశం దిక్కు వచ్చిండట పెద్దమ్మా. గిక్కడికెళ్లి పోయేటాలకు లేటయింది."

అమ్మ నవ్వింది. "మనోళ్లు ఎప్పుడు టైముకు పోయిండ్రు గనుక."

పక్షవాతం వచ్చాక అమ్మ నవ్వు వినడం అదే మొదటిసారి. మెట్ల మీద నిలబడ్డదాన్ని సంతోషపడకుండా, మా దగ్గర నవ్వనిది ఈమె దగ్గర ఎందుకు నవ్వాలి అని లెక్కలు వేశాను. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ కథలో నాకు నచ్చినవాడు తోమాసే. అంతమంది చెప్పినా నమ్మకుండా మూత తీయించి చూశాడు. దుకాణం పెట్టుకుని ఉంటే బాగుపడేవాడు.

మరుసటి వారం అన్నం తినిపిస్తుంటే అమ్మ ఉన్నట్టుండి అంది. "జోజప్ప ముందుగాల్నే పోయిండట."

"ఏ జోజప్ప?"

"మరియమ్మ పెనిమిటి."

మా మేనత్త కొడుకు గురించి చెప్పినట్టు చెప్పింది. ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. వాళ్లింటి మనుషుల పేర్లు, ఎవరు ముందు పోయారు, ఎవరు తర్వాత పోయారు అన్నదంతా తెలుసుకున్నదంటే పని చాలా దూరం వచ్చిందనుకున్నాను. ఆ భర్త ముందే పోయిన సంగతి అమ్మకు ఎందుకంత పట్టిందో మాత్రం ఆలోచించలేదు. నేను కాపలా కాస్తున్న తలుపు వేరు.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి కొనేవాళ్లతో, పండుగకు ఊరికి పంపడానికి చీరలు కొనే బీహారు కూలీలతో దుకాణంలో నిలబడడానికి సందు లేదు. అలాంటప్పుడు అమ్మ నన్ను పైకి పిలిపించింది. నీలం పట్టుచీర, సన్నటి జరీ అంచుది, మంచిది చూసి తెమ్మంది. ఎవరికని అడిగాను.

"మరియమ్మకు పెడ్త. పండుగకు."

ఏళ్ల తర్వాత అమ్మ నోట చీర పెడతానన్న మాట వచ్చింది. అది కూడా భవానీ అమ్మవారికి కాదు. కిందికి వచ్చి ఆయమ్మను పిలిచాను. కొనేవాళ్లు కూర్చునే పరుపు మీద కూర్చోమన్నాను. ఆమె అంచు మీద కూర్చుంది.

ఈ చీర సంగతి ఎవరు మొదలుపెట్టారని అడిగాను. తను కాదంది. మీ చర్చివాళ్లు పెట్టమన్నారా అంటే, వాళ్లకు తెలియను కూడా తెలియదంది. ఏటా ఎవరో ఒకరు చీర పెడతారట, దాన్ని స్వరూపానికి, అంటే మరియమ్మ బొమ్మకు కట్టి, తేరు మీద ఊరేగిస్తారట. తర్వాత ఆ చీర లేనివాళ్లింట్లో పెళ్లికి ఇస్తారట. ఇదంతా అమ్మ అడిగితేనే చెప్పిందట. అన్నిటికీ సమాధానం ఉంది. అన్నిటికీ సమాధానం ఉన్న మనిషిని నేను నమ్మను.

అలవాటు కొద్దీ నోటి నుంచి వచ్చేసింది. "మంచికేనా?"

ఆయమ్మకు మా దుకాణం పద్ధతి తెలుసు. ఇన్ని నెలల్లో చూసింది. అందుకే జవాబు చెప్పలేకపోయింది. ఆ రోజు ఒక తల్లి ఈ లోకం విడిచిపోయింది, ఏడవాలి. పెయ్యితో సహా పైకి పోయింది, ఏడవక్కర్లేదు. సమాధి కట్టారు, అందులో ఎవరూ లేరు. బొట్టు పెట్టి సంచిలో వేయాలా, పేపర్లో చుట్టాలా? "మళ్లీ రండి" అనాలా, వద్దా? ఆమె నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను. మా నాన్న ఉన్నా ఏ పద్ధతిలో అమ్మేవాడో నాకు తెలియదు.

"పండుగ కద అక్కా. మంచికే అనుకో," అంది చివరికి.

"అనుకో" అన్న మాటతో సరుకు అమ్ముడుపోదు. అందుకని నేనూ అనుకునే ఇచ్చాను. చాలా కాలంగా అమ్ముడు పోని ఒక నీలం చీర ఉంది. రంగు బాగానే ఉంటుంది, పోగు గట్టిది. దాన్ని పంపాను. పావుగంటకల్లా ఆయమ్మ తిరిగి తెచ్చింది. అమ్మ ఎడమచేత్తో ఇలా అంచు నలిపి, అలా వదిలేసిందట. "ఇది పోనిది. పోయేది తెమ్మను" అందట. కళ్లు సరిగ్గా కనిపించని మనిషి, వేలికొసలతో నా అల్మారాలో ఏ అరలో ఏముందో చెప్పేస్తుంది. సిగ్గుపడి పై అర నుంచి తీసి పంపాను. నెమలికంఠం, నీలంలో నీలం, వెలుగు పడితే ఆకుపచ్చ తిరిగేది. అంచుకు అసలు జరీ. అది వెనక్కి రాలేదు.

ఆగస్టు పదిహేనున బజారు సగం మూత. చౌరస్తాలో జెండా ఎగరేసి పిల్లలకు బిస్కెట్లు పంచారు. అమ్మ దగ్గర మా ఆయనను కూర్చోబెట్టి నేను చర్చికి పోయాను. భక్తితో కాదు, తనిఖీకి. మా చీర అక్కడ ఏమవుతుందో, ఆయమ్మ ఎవరితో ఏం మాట్లాడుతుందో, అమ్మ పేరు ఏ పుస్తకంలోనైనా ఎక్కిందో చూద్దామని. చెప్పులు విడవాలా వద్దా తెలియక గడప దగ్గర ఆగిపోయాను. తర్వాత తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది.

లోపల జనం. కంపెనీల్లో పనిచేసే కేరళవాళ్లు, ఒడిశావాళ్లు, మన ఊళ్లవాళ్లు. ముందర తేరు మీద మరియమ్మ స్వరూపం, చుట్టూ మల్లెలు, గులాబీలు. మా చీర కట్టారు. ఎవరు కట్టారో గానీ కుచ్చిళ్లు తెలిసిన చెయ్యి. అంచు సరిగ్గా పాదాల మీద ఆగింది. కొంగు ఎడమ భుజం మీద నుంచి వెనక్కి వదిలారు. గుంటూరువైపు యాసతో మాట్లాడే ఫాదర్ పూజ చేశాడు. పూజ అయ్యాక అందరూ బయటికి నడుస్తుంటే నేను ఆయనకు అడ్డంగా నిలబడ్డాను. చీర మాదేనని చెప్పాను. ఆయన సంతోషించాడు. అప్పుడు అడిగాను, ఆమె చచ్చిపోయిందా లేదా అని.

చాలామంది పోయిందనే అంటారని, తమ కతోలిక చర్చి, అంటే శ్రీసభ, మాత్రం ఈ లోకంలో ఆమె బతుకు ముగిశాక ఆత్మశరీరాలతో మోక్షానికి తీసుకుపోబడిందని మాత్రమే చెప్పిందని, పోయిందా లేదా అన్నది తేల్చలేదని అన్నాడు. తేల్చకుండా ఎలా అమ్ముతారని నోటిదాకా వచ్చింది. మరి సాక్ష్యం ఏమిటన్నాను. ఆయన నవ్వి, తన తీరులో చెప్పాడు.

"ఫలానా పునీతుడి ఎముక మా దగ్గరుంది, ఫలానా ఆయన పుర్రె మా దగ్గరుందని ఎన్నో ఊళ్లు చెప్పుకున్నాయమ్మా, గొడవలు కూడా పడ్డాయి. ఆమె సమాధి ఇదీ అని చూపించే చోట్లున్నాయి. ఆమె శరీరం మా దగ్గరుందని మాత్రం ఏ ఊరూ అనలేదు. అది రుజువు కాదు. కానీ ఆలోచించండి."

ఆలోచించాను, ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. మా బజారులో దొరకని సరుకు లేదు. అసలుది లేకపోతే నకిలీ ఉంటుంది. గద్వాల లేకపోతే గద్వాల రకం అని పెడతాం. గిరాకీ అంతగా ఉండి, నకిలీ కూడా ఎవరూ పెట్టని సరుకు ఏదైనా ఉందా అని నా ముప్పై ఏళ్ల దుకాణదారీ అంతా వెతుక్కున్నాను. ఒక్కటీ దొరకలేదు. నమ్మానని కాదు. బేరంలో ఎదుటివాడి మాటకు నా దగ్గర మాట లేకపోవడం అరుదు, అంతే.

అందుకని సూటిగా అడిగేశాను. మా అమ్మను మీలో కలుపుకుంటున్నారా అన్నాను. ఫాదర్ మొహంలో నవ్వు పోయింది. మీ అమ్మగారు ఎవరో కూడా తనకు తెలియదని, హిందువుల ఇంటి చీర స్వరూపానికి కట్టొచ్చా అని ఒకామె అడిగితే కట్టొచ్చని మాత్రం చెప్పానని అన్నాడు. ఎందుకు పెట్టారో మీ అమ్మగారినే అడగండి అని తేరు వెనక నడిచిపోయాడు.

ఆయమ్మ తేరుకు ఎదురుగా నిలబడి ఫోన్‌తో ఫొటోలు తీస్తోంది. ఒకటి కాదు, ముందు నుంచి, పక్క నుంచి, పాదాల దగ్గర అంచు కనిపించేలాగా. ఎవరికి ఇన్ని ఫొటోలు అన్నాను. నన్ను అక్కడ చూసి ఆమె బెదరలేదు. ఎప్పటికైనా వస్తానని అనుకున్నదేమో.

"పెద్దమ్మ తెమ్మన్నది. కట్టినాంక ఎట్లుంటదో సూడాలన్నది."

"ఎందుకు?"

"ఎందుకంటె నేనేం చెప్తనక్కా. ఆమె నన్ను పొద్దుగాల మాపటీల ఒక్కటే అడుగుతది. పెనిమిటి ముందుగాల్నే పోయిండు కదా, మరి ఆమెకు పోయిన దినం నాడు గసువంటి చీర ఎట్ల కడ్తరు, ఎవరు కట్టనిచ్చిండ్రు, నలుగురు ఏమన్లేదా అని. నేనేం చెప్పాలె? మాకాడ గట్లనే కడ్తరు అన్న. ఇగ తన చీర దిక్కు సూస్కుంటది."

తేరు కదిలింది. జపమాల చెబుతూ జనం మమ్మల్ని తోసుకుని వెళ్లారు. నేను అక్కడే నిలబడ్డాను. మా అమ్మ ఏ చీరనూ బొమ్మకు కట్టి చూడకుండా కొనేది కాదు. నేతవాడు ఎంత చెప్పినా, మడతలో ఎంత బాగున్నా, ముందు బొమ్మకు కట్టించి, రెండు అడుగులు వెనక్కి జరిగి చూసేది. ఇప్పుడు మంచం మీద నుంచి అదే చేసింది. తను కట్టుకోవాలనుకున్న చీర, తనలాగే భర్త లేని ఒక ఆడదాని మీద, పోయిన రోజున ఎలా ఉంటుందో చూడాలనుకుంది. నాతో చెబితే ఏమంటానని భయపడిందో, లేక చెప్పకూడని మాట అనుకుందో.

ఆ మధ్యాహ్నం ఆయమ్మ ఫోన్ అమ్మ మొహం ముందు పట్టుకుంది. అమ్మ ఒక్కో ఫొటో చాలాసేపు చూసింది. కుచ్చిళ్లు బాగా పెట్టారంది. తర్వాత నా వైపు తిరిగి, ఎడమచెయ్యి తన కడుపు మీద పెట్టుకుంది.

"నాకు గదే."

నేను సరే అన్నాను. అంత తేలిగ్గా సరే అనడం నాకు అలవాటు లేదు. పైగా ఆ చీర తెచ్చేది నేను కాదు. తల్లిగారింటివాళ్లు తేవాలి. అంటే మా మామ.

అమ్మ తమ్ముడికి సంగారెడ్డి పాతబజారులో నూనెల దుకాణం. డెబ్బై దాటినా గద్దె దిగలేదు. తూకంలో చుక్క ఎక్కువ పోయినా ఆయనకు తెలుస్తుంది. నాకు బేరం నేర్పిన ముగ్గురిలో ఒకడు. ఆయనతో సూటిగా నీలం అడిగితే తెల్లదానికే దిగుతానని నాకు తెలుసు. అందుకని ఎరుపుతో మొదలుపెట్టాను. అమ్మ ఎర్ర పట్టుచీర కోరుతోందన్నాను. ఆయన గరిటె కింద పెట్టాడు.

"మతి ఉన్నదా బిడ్డా నీకు. బావ లేడాయె. నలుగురు ఏమంటరు?"

ఆకుపచ్చకు దిగాను. ఆయన కదల్లేదు. అప్పుడు ఎంతో నష్టపోతున్నట్టు మొహం పెట్టి, పోనీ నీలం, అంచు మాత్రం ఉండాలి అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తను నేర్పిన విద్యే తన మీద వాడుతున్నానని తెలిసిపోయింది. ఎవరు ఎక్కించారీ మాట అన్నాడు. మరియమ్మ సంగతి చెప్పాను, ఫొటో చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకెత్తి చూశాడు. ఈమె ఎట్ల పోయింది అని అడిగాడు. పోయిందో లేదో వాళ్లే తేల్చలేదన్నాను. పెయ్యి ఏదంటే దొరకలేదన్నాను. వాళ్ల దేవుడి తల్లితో మనకు పోలికేంది అన్నాడు. పోలిక నాకు కాదు, మీ అక్కకు అన్నాను. చిన్నప్పుడు మీకు పండుగ బట్టలు కొనేటప్పుడు మీకు నచ్చినవే ఇప్పించింది ఎవరు అన్నాను. ఆయన మొహం పక్కకు తిప్పుకుని ఎవరికో నూనె కొలిచి పోశాడు.

"సూద్దాం తియ్."

దుకాణంలో పెరిగినవాళ్లకు ఆ మాట అర్థం తెలుసు. చూసి వస్తామని మెట్లు దిగినవాళ్లెవరూ మళ్లీ ఎక్కరు. ఇంటికి వచ్చి అమ్మకు మామ ఒప్పుకున్నాడని చెప్పాను. ఆమె నా మొహం చదివిందో లేదో, కళ్లు మూసుకుంది. నాకు మామ మీద నమ్మకం లేదు. అదే నీలంలో ఇంకో చీర తెప్పించి నా బీరువాలో పెట్టాను. మామ తెల్లది తెస్తే చుట్టాలందరి ముందు గొడవ పెట్టుకోవాలి, పోయిన అమ్మ ముందర గొడవ. ఆ గొడవలో ఎవరేమంటారో, నేనేమనాలో ఒక్కొక్క మాటా ముందే సిద్ధం చేసుకున్నాను. బేరానికి వెళ్లేవాళ్లు అట్లాగే వెళ్తారు.

దీపావళి దాటాక ఒక ఉదయం అమ్మ పోయింది. ఆయమ్మ టీ కలిపి తెచ్చేసరికి పోయింది. నిద్రలోనే అన్నది ఆయమ్మ. ఆ మాట విని నేను ఆమె వైపు చూశాను. ఆమె తల దించుకుంది. శిలువ పట్టుకుని ఏదో చెప్పుకుంది. నేను ఆపలేదు.

చుట్టాలు వచ్చారు. స్నానం చేయించారు. తల్లిగారింటి చీర కోసం అందరూ ఎదురుచూస్తున్నారు. మామ ఆటో దిగాడు. చంకలో పాత పేపర్లో చుట్టిన కట్ట. పేపర్ చూడగానే లోపలిది తెల్లదేనని నాకు తెలిసిపోయిందనుకున్నాను. మెట్లెక్కి లోపలికి పోయి బీరువా తాళం తీసి, నా చీర మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. సిద్ధం చేసుకున్న మాటలన్నీ నోట్లో ఉన్నాయి.

మామ గదిలోకి వచ్చి కట్ట నా చేతికిచ్చాడు. ముసలావిడ ఒకామె తెల్లదేనా అని అడిగింది. పేపర్ విప్పాను. నెమలికంఠం. సన్నటి జరీ అంచు. మడత మీద వేరే దుకాణం చీటీ ఇంకా అంటుకుని ఉంది. నా దుకాణం మీద ఇంట్లోనే అమ్మ ఉంటే, ఈయన సంగారెడ్డిలో ఎవరి దగ్గరో కొన్నాడు. అంత దుఃఖంలోనూ గుచ్చుకుంది. మా దగ్గర కొనలేకపోయారా మామా అన్నాను.

"నీ దుకాణంల అడుగుతవు గద, మంచికేనా అని. నేనేం చెప్పాలె?"

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. మామ తలుపు దగ్గర చేతులు కట్టుకుని, మీరేమన్నా అనాలంటే నన్ను అనండి అన్నట్టు నిలబడ్డాడు. ఎవరూ గట్టిగా అనలేదు. ఆయమ్మ ముందుకు వచ్చి కుచ్చిళ్లు పెట్టింది. అంచు అమ్మ పాదాల మీద సరిగ్గా ఆగింది.

కొంగు సర్దుతూ నా వేళ్లు ఆగలేదు. జరీని నలిపి చూశాయి. అసలు జరీ కాదు. పట్టులో కూడా కల్తీ ఉంది. తూకంలో చుక్క వదలని మనిషి, జీవితంలో ఎన్నడూ చీర కొనని మనిషి, వాడెవడో చెప్పిన మొదటి ధరకే తీసుకుని ఉంటాడు. ఎంతకిచ్చాడన్న మాట నా నాలుక మీదికి వచ్చింది.

"మంచిగున్నదా బిడ్డా?" అన్నాడు మామ.

"మంచిగున్నది మామా."

ధర అడగలేదు.